చార్మినార్ చూడ్డానికి తార్నాకలో దిగండి

హైదరాబాద్ చూడ్డానికి వస్తున్నాం, ఎక్కడ దిగమంటారని చుట్టాలు ఫోన్ చేస్తే తార్నాక అంటాను. చార్మినార్ పక్కనో, హైటెక్ సిటీలోనో చెబుతానని వాళ్ల లెక్క.

చూసే చోటు పక్కనే దిగాలన్నది మనకు పుణ్యక్షేత్రాల నుంచి వచ్చిన అలవాటు. తిరుమలలో కొండమీద గది దొరకడం భాగ్యమే. ఊరి సంగతి వేరు. పొద్దున్నే ఎక్కడ నడుస్తాం, రాత్రి అలిసొచ్చి ఎక్కడ తింటాం అన్నవి చూసే నేను బస ఎంచుతాను.

తార్నాక పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఇలాగే చోటు వెతుక్కుంది. 1918లో పుట్టినా, మొదట్లో నగరం నడిబొడ్డున అద్దె కొంపల్లోనే చదువు చెప్పింది. నగర నిర్మాణ నిపుణుడు పాట్రిక్ గెడ్డెస్ లాంటివాళ్ల సలహాలు తీసుకుని, చివరికి ఊరి గోలకు దూరంగా అడిక్‌మెట్‌లో స్థిరపడింది. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939లో ప్రారంభించారు. పొద్దున వాకింగ్‌కి వెళ్లి, ఎండ పడుతున్న ఆ గులాబీ రాతి గోడల ముందు కాసేపు నిలబడండి. గైడ్ అక్కర్లేదు. ఇంకాస్త ఓపికుంటే ఇఫ్లూ విశ్వవిద్యాలయం వైపు మహలఖాబాయి మెట్లబావి ఉంది. ఈ నేలలో చాలాభాగం ఒకప్పుడు ఆ కవయిత్రి జాగీరే. ఉద్యమాల రోజుల్లో మాత్రం ఎన్‌సీసీ గేటు దగ్గర బారికేడ్లు కనిపిస్తాయి. అదీ ఇక్కడి చరిత్రే అనుకోండి.

తిండికి లోటు లేదు. విద్యార్థులూ, ఐఐసీటీ, ఎన్ఐఎన్, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల ఉద్యోగులూ తినే పేట ఇది. మెస్‌లో కూర బాగోకపోతే మర్నాడు మనిషి రాడు.

మరి చార్మినార్? పది కిలోమీటర్లుంటుంది. క్యాంపస్ పక్కనే ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్‌లో ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కి యాకుత్‌పురాలో దిగితే, ఆటోకి చిన్న దూరం. ఆ రైలు నిమిషాల మీద రాదు, వేళలు ముందే చూసుకోండి. తప్పిపోతే తార్నాకలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి ఎంజీబీఎస్‌లో దిగి, ఆటో ఎక్కండి.

రంజాన్ నెలలో వస్తే మాత్రం నా మాట వినకండి. అప్పుడు పాతబస్తీ తెల్లవార్లూ మేలుకుని ఉంటుంది, మెట్రో అర్ధరాత్రికి ముందే పడుకుంటుంది. ఆ నెలలో చార్మినార్ దగ్గరే దిగండి.