తన పాటకి తానే శిష్యుడు

ఈ వారం నాకు చిరాకు తెప్పించినది ఒక కేబుల్. హైదరాబాద్‌లో ఫిల్మ్ కోర్సు చదివే పిల్లలు కొందరు, తమ కాలేజీ స్టూడియోలో ఒక కుర్ర బ్యాండ్‌తో మ్యూజిక్ వీడియో తీస్తుంటే చూడ్డానికి వెళ్లాను. ఎలక్ట్రిక్ గిటార్ నుంచి బయల్దేరిన ఆ కేబుల్ నేల మీద అందంగా మెలికలు తిరిగి, డ్రమ్స్ వెనక్కి వెళ్లి అక్కడ ఆగిపోయింది. అవతల ఆంప్లిఫయర్ లేదు. ఫ్రేమ్‌లో కనబడాలి కాబట్టి తగిలించారట. పెద్ద డ్రమ్ము కడుపులో దిండు కుక్కారు, సింబల్స్ అడుగున టేపు అంటించారు, లేకపోతే స్పీకర్‌లో పాట వినబడదు. పాడే అబ్బాయి ముందున్న మైకులోంచి మాట ఎక్కడికీ పోదు. పాట ఎప్పుడో రికార్డయిపోయింది. ఇప్పుడు దానికి తగ్గట్టు నలుగురూ కదలాలి.

నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. వాయించే మనిషిని వాయిస్తుండగా తీయాలంటాను. మన సినిమాల్లో వీణ పాటలు వచ్చినప్పుడల్లా నేను చూసేది మొహాన్ని కాదు, ఎడమచేతి వేళ్లని. స్వరం పైకి వెళ్తుంటే వేళ్లు కింది మెట్ల మీద ఉంటాయి. గమకం పలుకుతుంటే చెయ్యి కదలదు. అంత కష్టపడి వాయించి, ఎక్కడా కనబడకుండా వెళ్లిపోయిన వైణికులకి అది అన్యాయమని ఎన్నోసార్లు రాశాను. అందుకే స్టూడియో మూలన కూర్చుని ఈ వారం రాయాల్సింది మనసులో సిద్ధం చేసుకున్నాను: పిల్లలూ, ప్లేబ్యాక్ మానండి, మైకులు పెట్టండి, వాయించండి, తీయండి.

కానీ ఆ మాటకి వెనక్కి వెళ్తే మన టాకీల తొలినాళ్లు తగులుతాయి. 1932లో హెచ్.ఎం.రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ తీసినప్పుడు నటులు కెమెరా ముందు నిలబడి సొంత గొంతుతో పాడారు. వాద్యకారులు కెమెరాకి ఆనని చోట సర్దుకుని కూర్చునేవాళ్లు. నేను అడిగే నిజం అదే. అయితే ఆ నిజం నటుణ్ణి నేలకి పాతేసింది. మైకు ఎక్కడుంటే గొంతు అటే తిరగాలి. పాడుతూ పరిగెత్తడానికి లేదు, తల తిప్పడానికి లేదు. కెమెరా చప్పుడు పాటలో పడకూడదు కాబట్టి అదీ స్వేచ్ఛగా కదల్లేదు. కలకత్తా న్యూ థియేటర్స్‌లో నితిన్ బోస్ 1935లో పాటని ముందే రికార్డు చేసి, తర్వాత చిత్రీకరించే పద్ధతిని హిందీలో ‘ధూప్ ఛావోఁ’గా వచ్చిన సినిమాతో నిలబెట్టాడు. అక్కడి నుంచి పాట కాళ్లకి సంకెళ్లు ఊడాయి.

ఆ తర్వాత వచ్చిన భానుమతి గారి సంగతి నన్ను వదలదు. ‘మల్లీశ్వరి’ 1951లో వచ్చింది. బి.ఎన్.రెడ్డి గారి సినిమా, సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం. తన పాత్ర పాటలు తానే పాడుకున్నారామె. తెర మీద ఆమె మొహం చూస్తూ ‘ఇది నిజంగా పాడుతున్న మొహం’ అని చిన్నప్పటి నుంచీ అనుకుంటూ వచ్చాను. ఊపిరి ఎక్కడ తీశారో మెడ దగ్గర తెలుస్తుంది. సంగతి వేసే ముందు కళ్లు కాస్త ముందుగా అక్కడికి చేరతాయి. ఇంత చేసీ ఆమె సెట్లో పెదవి కలిపింది తన రికార్డింగుకే. మరి ఆ మొహంలో నాకు కనిపించిన నిజం ఎక్కడిది? ఈ ప్రశ్నకి జవాబు ఈ వారం ఆ స్టూడియోలో దొరికింది.

రెండో బీజీఎం దగ్గర గిటార్ సోలో ఉంది. డైరెక్టర్ అమ్మాయి దాన్ని ఒకే షాట్‌లో, వేళ్లూ మొహమూ కలిసి కనబడేలా తీయాలనుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. స్పీకర్‌లో పాట మొదలైంది, గిటార్ అబ్బాయి నాలుగు స్వరాలు వాయించి ఆగిపోయాడు. “ఏమైందిరా?” అంది అమ్మాయి. “రికార్డింగ్‌లో ఏం వాయించానో గుర్తులేదే. ఆ రోజు ఏదో ఊపులో వచ్చేసింది” అన్నాడు. ఆమె కోప్పడలేదు. లైట్లు ఆపించి, వేరే షాట్ పెట్టుకుంది. ఆ అబ్బాయి నా పక్కకొచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, తన సోలోని తానే ముక్కముక్కగా వినడం మొదలెట్టాడు. ఒక్కో ముక్కా ఆపి, వెతికి, మళ్లీ వాయించి చూసుకున్నాడు. ఒకచోట తీగని లాగి వదిలిన తీరు అంతుపట్టలేదు. “ఇది నేనేనా సార్ వాయించింది?” అని నన్నడిగాడు. గురువు పాడిన సంగతిని శిష్యుడు పట్టుకునే పాఠమే అది. కాకపోతే రెండు పీటల మీదా కూర్చున్నది వాడే.

మళ్లీ షాట్‌కి వెళ్లినప్పుడు వాడి మొహం మారింది. ఏ స్వరం తర్వాత ఏది వస్తుందో తెలిసినవాడి మొహం. తీగ లాగబోయే ముందే కనుబొమ్మలు అక్కడికి చేరాయి. భానుమతి గారి కళ్లలో నేను చూసిందీ అదే అయ్యుంటుంది. రికార్డింగ్ రోజున మొదటిసారి పుట్టిన సంగతిని సెట్లో తెలిసి పలకడం.

ప్లేబ్యాక్ అడిగే కష్టం ఇంకా ఉంది. పాట నెమ్మదిగా కదలాలి, పెదవి మాత్రం తప్పకూడదు అంటే సెకనుకి 48 ఫ్రేములతో తీస్తూ పాటని రెట్టింపు వేగంతో వినిపించాలి. దాన్ని 24 ఫ్రేములతో చూపిస్తే పాట మామూలు వేగానికి వస్తుంది, మనుషులు నీళ్లలో ఉన్నట్టు కదులుతారు. ఆ వేగంలో డ్రమ్స్ అబ్బాయి ఒక్క దెబ్బ తప్పకుండా కొట్టడం చూశాను, చొక్కా తడిసిపోయింది. మధ్యలో మానిటర్‌లో నల్లటి చారలు పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షటర్‌ని సెకనులో నూరోవంతుకి మార్చగానే చారలు పోయాయి. కెమెరా పిల్లవాడికి ఇది ఎవరూ గుర్తుచేయక్కర్లేకపోయింది.

నలుగురూ నిలబడి ఒకేసారి పాడలేని పాటలూ ఉన్నాయి. క్వీన్ బ్యాండ్ ‘బొహీమియన్ రాప్సొడీ’ ఒపేరా భాగంలో గొంతు మీద గొంతు పేర్చుకుంటూ పోయారు. దాని వీడియోని 1975లో ఎల్‌స్ట్రీ స్టూడియోలో బ్రూస్ గోవర్స్ తీశాడు. కచేరీల్లో ఆ ఒపేరా భాగం వచ్చేసరికి వాళ్లు టేపుకి వదిలేసి వేదిక దిగిపోయేవాళ్లు. అలాంటి పాటకి బొమ్మే వేదిక.

కాబట్టి ఫిల్మ్ పిల్లలకి నేను ఇవాళ చెప్పేది నిన్నటిది కాదు. మొదటి వీడియో ప్లేబ్యాక్‌తోనే తీయండి. పాట మారదు కాబట్టి ఒక్క కెమెరాతోనైనా ఎన్ని కోణాలైనా పట్టొచ్చు, అన్నీ అతుకుతాయి. ఒక్క షరతు: పాడేవాడు గొంతు విప్పి పాడాలి. ఉత్త పెదవులు కదిలిస్తే మెడ నరం కదలదు, అది లెన్స్‌కి తెలిసిపోతుంది. డ్రమ్స్ వాడికి చెవుల్లో పాట పెట్టండి, అప్పుడు దిండూ టేపూ తీసేసి నిండుగా కొట్టనివ్వచ్చు.

ఆ అమ్మాయికి ఒక మాట. ఏ షాటూ మూడు సెకన్లు దాటకూడదని మీ సీనియర్లు అంటున్నారని చెప్పావు కదమ్మా. సోలో షాట్‌ని ముక్కలు చెయ్యకు. డ్రమ్స్ తిరిగి అందుకునేదాకా ఆ అబ్బాయి మీదే ఉండు, వైడ్‌కి ఆ దెబ్బ మీద వెళ్లు.