ఒకే బార్లీ, రెండు గ్లాసులు

విస్కీలో బీరు కలపడమంటే మన దగ్గర ఒకటే పద్ధతి. స్ట్రాంగ్ బీరు సీసాలో నాలుగు గుక్కలు ఖాళీ చేసి, అందులో క్వార్టర్ ఒంపేయడం. ఖర్చు తక్కువ, మత్తు ఎక్కువ. అది చూసి చూసి, ఈ కలయికే మోటు వ్యవహారమని మంచి మంచి రుచి తెలిసినవాళ్లు కూడా తీర్మానించేశారు. ఇంతకంటే అన్యాయమైన తీర్పు మరొకటి లేదు. అమెరికాలో బాయిలర్‌మేకర్ అనీ, స్కాట్లాండ్‌లో హాఫ్ అండ్ హాఫ్ అనీ పిలిచే ఈ జోడీ వెనక తరాల పనితనం ఉంది. కాక్‌టెయిల్ ప్రపంచంలో దీనికి ముందు వరసలో పీట వేయాలన్నది నా గట్టి నమ్మకం.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విస్కీ, బీరు ఒక తల్లి బిడ్డలు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసి వేడినీళ్లలో నాననిస్తే తియ్యటి రసం వస్తుంది. అందులో హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్‌తో పులియబెడితే బీరు. హాప్స్ లేకుండా పులియబెట్టి, రాగి బట్టీలో కాచి, ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచితే మాల్ట్ విస్కీ. కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినవాడు కొత్త చుట్టరికం కలపడం లేదు, ఉన్న రక్తసంబంధాన్నే గుర్తుచేస్తున్నాడు.

చరిత్ర గురించి చెప్పుకునే కథలకు కొదవ లేదు. ఆవిరి బండి కనిపెట్టిన రిచర్డ్ ట్రెవితిక్ 1801 క్రిస్మస్ ముందురోజు కార్న్‌వాల్‌లో బండి నడిపి చూపించాడట. ఆ తర్వాత ఒకరోజు నిప్పు ఆర్పకుండానే మిత్రులతో సత్రంలో విందుకు కూర్చుంటే, నీళ్లు ఇంకిపోయి బండి కాస్తా కాలిపోయిందట. బాయిలర్‌మేకర్, అంటే బాయిలర్ తయారుచేసేవాడు, అనే పేరు అక్కడే పుట్టిందంటారు. నమ్మేవాళ్లు నమ్మవచ్చు. అమెరికాలో మాత్రం దీన్ని పెంచి పోషించింది కార్మికులే. మొంటానాలో బ్యూట్ పట్టణపు రాగి గనుల్లోంచి షిఫ్టు దిగి వచ్చినవాళ్లకు ఒక విస్కీ, ఒక బీరు కలిపి సిద్ధంగా ఉండేవి. పిట్స్‌బర్గ్ ఉక్కు కార్మికులు ఇంపీరియల్ విస్కీకి తమ ఊరి ఐరన్ సిటీ బీరును జత చేసి, ముద్దుగా ‘ఇంప్ ఎన్ ఆర్న్’ అని పిలుచుకున్నారు.

చేతివాటం చూడాలంటే జర్మనీలోని హానోవర్ వెళ్లాలి. అక్కడ విస్కీకి బదులు కోర్న్ అనే ధాన్యపు సారా వాడతారు. ల్యూట్యె లాగె అని దాని పేరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న బీరు గ్లాసు, మిగతా వేళ్ల సందులో దానికి కాస్త పైన బుల్లి సారా గ్లాసు, రెండూ ఒకే చేతిలో. ఒకేసారి ఎత్తితే పై గ్లాసులోని సారా సన్నటి ధారగా బీరులోకి జారి, రెండూ కలిసి నోట్లోకి చేరాలి. కోణం వెంట్రుకవాసి తప్పినా చొక్కా తడుస్తుంది. ఆ ఊరి షుట్సెన్‌ఫెస్ట్ ఉత్సవాల్లో పండిన చేతులవాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూనే, ఒక్క బొట్టు చిందకుండా దీన్ని కానిచ్చేస్తారు. అన్ని సరంజామాలూ ఉన్న పెద్ద హోటల్ బార్లు కూడా ఇంత కళను చూపించలేవు.

బీరును మరో మద్యంతో కలిపే పనితనం కొత్తదేమీ కాదు. అమెరికా వలస కాలపు సత్రాల్లో ఫ్లిప్ అనే పానీయం ఉండేది. బీరు, రమ్ము, బెల్లప్పాకం కలిపిన పాత్రలో, పొయ్యిలో ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని ముంచేవారు. బుసబుసా పొంగి, చక్కెర మాడి, చిరుచేదు దిగేది. ఆ తర్వాత వచ్చాడు జెర్రీ థామస్. 1862లో కాక్‌టెయిల్ పుస్తకం అచ్చువేసిన మహానుభావుడు. ఫ్లిప్‌కు నునుపు రావాలంటే ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి మళ్లీ మళ్లీ తిరగబోయాలని, అదే అసలు కిటుకని ఆయన చెప్పాడు. ఆయన పేరు నిలబెట్టిన బ్లూ బ్లేజర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. స్కాచ్‌లో మరిగే నీళ్లు పోసి, నిప్పంటించి, రెండు లోటాల మధ్య నీలి మంటను ధారగా ఆడించేవాడు. నేర్చుకునేవాళ్లు ముందు చన్నీళ్లతో సాధన చేయాలని పుస్తకంలోనే హెచ్చరించాడు. గురువంటే అలా ఉండాలి.

ఇక చేసే పద్ధతి. హాఫ్ అండ్ హాఫ్‌లో రెండు గ్లాసులూ విడివిడిగానే ఉంటాయి. విస్కీ ఒక గుటక, బీరు ఒక గుక్క. నైపుణ్యమంతా జత కుదర్చడంలోనే ఉంది. బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉంటుంది, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిలవ ఉంటుంది కనక వెనిలా, కారమెల్ వాసనలు వస్తాయి. దానికి గోధుమరంగు ఏల్ సరిజోడు. రై విస్కీ ఘాటుకు తేలికపాటి లాగర్ చాలు. ఐరిష్ విస్కీ పక్కన స్టౌట్ అనే నల్ల బీరు పెడితే రెండింటి మాటా ఒక్కటవుతుంది. పొగవాసన వేసే ఐలా దీవి విస్కీ పక్కన చేదు ఐపీఏ బీరు పెట్టకండి, రెండూ కొట్లాడుకుంటాయి. విస్కీలో ఐసు వద్దు, చెంచాడు నీళ్లు చాలు. బీరు గ్లాసును ఫ్రీజర్‌లో గడ్డకట్టించడం కూడా వద్దు. అంత చలిలో వాసనలు పైకి లేవవు.

ఒకే గ్లాసులో కలపాలంటే షేకర్‌లో ఐసు వేసి, బర్బన్ 45 మిల్లీలీటర్లు, నిమ్మరసం 20, తేనెపాకం 20 పోసి గట్టిగా ఊపండి. పొడుగు గ్లాసులోకి వడకట్టి, ఆపైన చల్లని గోధుమ బీరు 100 మిల్లీలీటర్లు గ్లాసు గోడ వెంబడి నెమ్మదిగా దించండి. గోధుమ బీరే ఎందుకంటే, దానిలోని మాంసకృత్తులు నురగను నిలబెడతాయి. హాప్స్ చేదు తక్కువ కనక నిమ్మ పులుపుతో తగువు పెట్టుకోదు. అడుగు నుంచి చెంచాతో ఒక్కసారి పైకి లేపితే సరి. బీరును మాత్రం షేకర్‌లో పోయకూడదు. గ్యాసు మూతను ఎగదన్నుతుంది, నురగంతా చచ్చిపోతుంది. ఈ దారిలో పోర్ట్‌లాండ్‌కు చెందిన జేకబ్ గ్రియర్ 2015లో బీరు కాక్‌టెయిల్స్ మీదే ఒక పుస్తకం రాశాడు. ఈ విద్యకు మర్యాద తెచ్చినవాళ్లలో ఆయనొకడు.

ఇంత విద్యనూ మంటగలిపింది బాంబు షాట్లు. బీరు గ్లాసులో విస్కీ షాటును గ్లాసుతో సహా దబ్బున పడేసి, ఎత్తి గటగటా తాగేయడం. అందులో రుచి చూసే తీరిక ఎవడికి? 1970ల చివర్లో అమెరికాలో మొదలైన ఐరిష్ కార్ బాంబ్ మరీ ఘోరం. స్టౌట్‌లో క్రీమ్ లిక్కర్, విస్కీ పడతాయి. స్టౌట్ పులుపుకు క్రీము నిమిషాల్లో విరిగిపోతుంది కనక పరుగులు పెట్టి మింగాల్సిందే. ఆగితే పాడైపోయేదాన్ని పానీయమని ఎలా అంటాం? పైగా ఐర్లాండ్‌లో కారు బాంబులకు బలైన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ మారణహోమాన్ని వారాంతపు సరదాకు పేరుగా పెట్టుకోవడం సిగ్గుచేటు.

మన క్వార్టర్ ముచ్చటకే వస్తే, లెక్క వేసి చూడండి. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలో సుమారు 13 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు అరపింటులో, అంటే 284 మిల్లీలీటర్లలో, సుమారు 14. రెండు గ్లాసులూ సమఉజ్జీలు. అదే 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 180 మిల్లీలీటర్ల విస్కీ ఒంపితే ఆ రెండు గ్లాసులూ కలిపిన దానికి దాదాపు అయిదింతలు! అదీ మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌తో చేసిన చవక విస్కీ. బార్లీ బంధుత్వం అందులో వెతికినా దొరకదు. మనుషుల ఆరోగ్యం, ఇళ్ల ప్రశాంతత ఆ సీసాల్లోనే కరిగిపోతున్నాయి.

మనకు సరుకు లేక కాదు. బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ 2004లో మొదట విడుదలైంది సాక్షాత్తూ గ్లాస్గోలోనే, హాఫ్ అండ్ హాఫ్ ఇలాకాలో. హైదరాబాద్‌లో తాజా బీరు కాచే మైక్రోబ్రూవరీలు ఉన్నాయి. లేనిదల్లా శ్రద్ధ. బార్ యజమానులకు నా విన్నపం ఇదే. మెనూలో ఒక్క పేజీ ఈ జోడీలకు ఇవ్వండి. 30 మిల్లీలీటర్ల మాల్ట్ పక్కన అరపింటు గోధుమ బీరు పెట్టి, ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పగల కుర్రాణ్ని తయారు చేయండి. సీసాలో ఒంపమని అడిగినవాళ్లకు కుదరదని చెప్పండి. మొదటి రెండు నెలలు గిరాకీ తగ్గినా సరే, ఆ మాట మీదే నిలబడండి.