విధికుడి పలక: అమరావతి ఎవరి వారసత్వం?

అమరావతి చరిత్ర అనగానే మామూలుగా వినిపించే కథ ఒకటుంది. తారకాసురుడి మెడలో ఉన్న లింగం అయిదు ముక్కలైంది. అందులో ఒకదాన్ని ఇంద్రుడు కృష్ణ ఒడ్డున ప్రతిష్ఠించాడు. అదే అమరేశ్వరం, పంచారామాల్లో ఒకటి. ఆ తర్వాత శాతవాహనులు, కోట రాజులు, చివరికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. దేవుళ్ళూ రాజులూ అయిపోయాక 'ఇక్కడ బౌద్ధం కూడా వర్ధిల్లింది' అని ఒక్క వాక్యం. మహాస్తూపానికి రాళ్ళు ఎవరిచ్చారు, ఎవరి కష్టార్జితం అందులో ఉంది అన్న ప్రశ్న ఈ కథలో ఎక్కడా రాదు.

జవాబు మాత్రం రాతి మీదే ఉంది. పూర్ణఘటం చెక్కిన ఒక పలక మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఒక దాన శాసనం కనిపిస్తుంది. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, చమ్మకారుడు విధికుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి ఇచ్చిన పలక అది. చమ్మకారుడంటే తోలుపని చేసేవాడు. ఆయన తన వృత్తిని దాచుకోలేదు. తండ్రిని ఉపాధ్యాయుడని రాయించాడు. తాత పేరు మనవడికి పెట్టాడు, మన ఇళ్ళల్లో ఇప్పటికీ పెట్టుకున్నట్టే. ఆ పలకని 'ఇది ముట్టుకోం' అని ఎవరూ పక్కన పెట్టలేదు. స్తూపంలో దానికి చోటు దొరికింది.

ఇక్కడ మనవాళ్ళతో కూడా నాకొక పేచీ ఉంది. ఈ శాసనం దొరగ్గానే 'విధికుడు మాదిగ, బౌద్ధంలో కులమే లేదు' అని ఉపన్యాసం దంచేస్తే సరిపోదు. రెండు వేల ఏళ్ళ దూరాన ఉన్న మనిషికీ మనకీ వంశవృక్షం గీయలేం. ఒక్క పలకతో ఆనాటి సమాజమంతా సమానమని తేల్చలేం. ఆ శాసనాల్లో సంపన్న గృహపతులూ ఉన్నారు, వర్తకులూ ఉన్నారు. రాయి చెప్పేది ఇంతే: తోలుపని చేసే మనిషికి దానమిచ్చే స్తోమత ఉంది, పేరు చెప్పుకునే గౌరవం ఉంది, అందరూ ప్రదక్షిణ చేసే చోట ఆ పేరుకి స్థానం ఉంది. తర్వాతి కాలంలో ఆ పనివాళ్ళకి గుడి మెట్టు కూడా దక్కలేదు. ఈ తేడా ఎట్లా వచ్చిందో వెతకాల్సింది పోయి నినాదం దగ్గర ఆగిపోతే నష్టం మనకే.

బౌద్ధం తనంతట తనే మాయమైందన్న మాటా అంత తేలిగ్గా నిలబడదు. 1182లో కోట కేతరాజు ఇక్కడి బుద్ధుడికి గ్రామాలూ అఖండ దీపాలూ ఇచ్చాడు. ఆ శాసనం ఉన్నది అమరేశ్వరాలయంలోనే! 1344 నాటి సింహళ శాసనం ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో విహారం బాగు చేయించాడంటుంది. స్తూపం దిబ్బకి పలుగు తగిలింది 1790ల్లో, వెంకటాద్రి నాయుడు రాజధానిని ఇక్కడికి మార్చి ఊరు కట్టించినప్పుడు. దీపాలదిన్నె ఇటుకలు, పలకలు కొత్త కట్టడాలకు పోయాయి. కొన్ని సున్నంగా కాలాయి. 1797లో మెకంజీ చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలా పోయింది. 1845లో ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, 1859లో లండన్‌కి పోయాయి.

ఈ నాయుడి గురించే ఇంకో కథ. చెంచుల్ని భోజనానికి పిలిచి చంపించాడట. ఆ తర్వాత తినే అన్నం పురుగులుగా కనిపించేదట. ఆ పాపం పోవటానికే గుళ్ళు కట్టించాడట. భక్తులు దీన్ని రాజుగారి పశ్చాత్తాపం కథగా చెప్పుకుంటారు. చచ్చిన చెంచుల పేర్లు కథలో లేవు. వాళ్ళ పిల్లలేమయ్యారో లేదు. వాళ్ళ చావు రాజుగారి భక్తికి మెట్టు అయిందంతే. విధికుడు కనీసం పేరు చెక్కించుకున్నాడు.

2006లో కాలచక్రం జరిగింది. తర్వాత 125 అడుగుల ధ్యానబుద్ధుడు లేచాడు. పిల్లల్ని చూపించటానికి తీసుకెళ్ళే టీచర్లు బుద్ధుడి ఎత్తు చెప్పాక, దానమిచ్చిన వాళ్ళ సంగతి కూడా చెప్పండి. విధికుడి శాసనాన్ని బోర్డు మీద రాయండి. చమ్మకారుడు అన్న మాట దగ్గర గొంతు తగ్గించకండి.