పార్వతీశం టోపీ, చల్లపల్లి సూట్‌కేసు

జులై ఆఖరు వచ్చిందంటే చల్లపల్లిలో ఏదో ఒక ఇంటి హాల్లో రెండు పెద్ద సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని పడుంటాయి. ఆగస్టులో అమెరికా చదువులు మొదలు. ఆ సామాను చూసినప్పుడల్లా నాకు బారిష్టర్ పార్వతీశమే గుర్తొస్తాడు. 1924లో మొదటి భాగం అచ్చయిన ఆ నవలలో మొక్కపాటి నరసింహశాస్త్రి ఆ కుర్రాణ్ణి మొగల్తూరు నుంచి పడవా రైలూ ఓడా ఎక్కించి సీమకు పంపాడు. చల్లపల్లిలాగే మొగల్తూరూ డెల్టా ఊరే, కాకపోతే ఇది కృష్ణది, అది గోదావరిది.

పార్వతీశం ఇంట్లో చెప్పకుండా బయల్దేరిన మనిషి. ఏం పట్టుకెళ్లాలో ఎవర్ని అడుగుతాడు? అడిగితే ప్రయాణమే ఆగిపోతుంది. కాబట్టి ఆ సామానంతా అతని బుర్రలోంచి వచ్చిందే. మద్రాసులో ముచ్చటపడి కొన్న టోపీ సంగతే చూడండి. అది ఆడవాళ్ల టోపీ. నెత్తిన పెట్టుకుని దర్జాగా తిరుగుతాడు, చూసినవాళ్లు నవ్వుతారు, ఎందుకు నవ్వుతున్నారో అతనికి బోధపడదు. మొక్కపాటి తనూ ఎడింబరోలో చదువుకుని వచ్చినవాడే. ఏ టోపీ ఎవరిదో రచయితకు తెలుసు, పార్వతీశానికి తెలియదు. హాస్యమంతా ఆ సందులోనే ఉంది. ‘మా వాడు అమాయకుడు’ అని ఒక్క ముక్క రాయకుండా సామాను చేతే ఆ మాట చెప్పించాడు.

ఇదే పొరపాటు గాంధీ ఆత్మకథలోనూ ఉంది. 1888లో ఆయన వెంట సలహాలిచ్చే స్నేహితులున్నారు, డబ్బు సర్దిన అన్నగారున్నారు. అయినా దాచిపెట్టుకున్న తెల్ల ఫ్లానెల్ సూటు వేసుకుని సెప్టెంబరు చివర ఇంగ్లండులో దిగితే అలాంటి బట్టల్లో ఉన్నది ఆయనొక్కడే. పెట్టెలూ తాళాలూ ఏజెంటు దగ్గర ఉండిపోయాయి, మర్నాడు ఆదివారం, మార్చుకోవడానికి వేరే గుడ్డ లేదు. గాంధీ దాన్ని సిగ్గుగా రాసుకున్నాడు, మొక్కపాటి నవ్వుగా మలిచాడు. నా ఓటు మొక్కపాటికే. సిగ్గుపడేవాణ్ణి చూసి జాలిపడి ఊరుకుంటాం, పార్వతీశంతో మాత్రం ఓడ దాకా వెళ్తాం.

మరి చల్లపల్లి సూట్‌కేసు? దానికి ముందే ఒక లిస్టు ఉంది. నిరుడు వెళ్లిన సీనియర్లు వాట్సాప్‌లో పంపింది. మూడు లీటర్ల కుక్కరు, దానికి రెండు గాస్కెట్లు, ఒక విజిలు. మిక్సీ వద్దు, అక్కడ కరెంటు 120 వోల్టులే. కోడి పచ్చడి వద్దు, కస్టమ్స్ వాళ్లు మాంసం రానివ్వరు. ఐ-20 ఫారం, సర్టిఫికెట్లు చేతిసంచిలోనే. ఒక్కటీ తప్పు లేదు. రచనగా చూస్తే అదే దాని లోపం. ఎవరు రాశారో తెలియదు, ఎవరికైనా సరిపోతుంది. దాన్నిబట్టి సర్దిన పెట్టె గుడివాడ పిల్లదో బందరు పిల్లాడిదో పోల్చలేం.

పోల్చగలిగేది తూకం దగ్గర. చాలా విమానాల్లో పెట్టెకు 23 కిలోలే. కొక్కెం మిషనుకి తగిలించి ఎత్తితే 24న్నర చూపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు కథ. వెళ్లే కుర్రాడు ఆవకాయ ప్యాకెట్టు తీస్తాడు, అమ్మ జీన్సు ప్యాంటు తీస్తుంది. వాడు కందిపొడి పక్కన పెడితే, ఆవిడ పుస్తకాలు పక్కన పెడుతుంది. సున్నుండల డబ్బా జోలికి ఎవరూ వెళ్లరు. వరి కోతలకు ముందు సొంత చేలో చల్లిన మినుములవి, నేతితో ఇంట్లో కట్టినవి. లిస్టులో ఆ డబ్బా లేదు.

పార్వతీశం కథలో ఈ తగవుకి చోటే లేదు. చెప్పకుండా వెళ్లాడు గనక పెట్టె సర్దేటప్పుడు అమ్మ లేదు. హాస్యానికి అది కలిసొచ్చింది. అమ్మ పక్కనుంటే ఎంత వెర్రిమొర్రి సామానైనా నవ్వు సగంలో ఆగిపోయేది. గాంధీకి అమ్మ ఉంది. మద్యం, మాంసం, పరస్త్రీ ముట్టనని ఒట్టు పెట్టించి పంపింది. ఆ ఒట్టుకి తూకం లేదు. చల్లపల్లి అమ్మకు మాత్రం మిషను ఎదురుగా ఉంది, కిలోన్నర దించాలి. ఆ తగవు తెలుగులో ఎవరైనా రాస్తే పార్వతీశం పక్కన పెట్టుకుని చదవాలనుంది. లిస్టులు మాత్రం చాలినన్ని ఉన్నాయి.