రీఫ్ మీద అల, కొలనులో నకలు

సర్ఫర్ గెర్రీ లోపెజ్ పైప్‌లైన్ అనే అల మీద ఉన్న పాత సినిమా తునక ఏదైనా దొరికితే ముందు ఆయన చేతులు చూడండి. తల మీదుగా టన్నుల కొద్దీ నీళ్ళు ముడుచుకుని పడుతుంటాయి. ఆ చేతులు మాత్రం వదులుగా వేలాడుతుంటాయి. తొందర లేదు, బెదురు లేదు. 1972లో, 1973లో వరసగా పైప్‌లైన్ మాస్టర్స్ పోటీ గెలిచిన మనిషి. ఆ తర్వాత ఎందరొచ్చినా నా ఓటు ఆయనకే.

హవాయిలో ఒవాహు దీవి ఉత్తర తీరాన, ఎహుకాయ్ బీచ్ ముందు విరిగే అల ఇది. ఒడ్డుకి ఎంత దగ్గరంటే ఇసుకలో కూర్చున్నవాళ్ళకి సర్ఫర్ ముఖం కనిపిస్తుంది. 1961 డిసెంబరులో ఫిల్ ఎడ్వర్డ్స్ మొదట దీన్ని ఎక్కాడంటారు. సర్ఫింగ్ సినిమాలు తీసే బ్రూస్ బ్రౌన్ కెమెరా ఆ రోజు అక్కడ ఉంది మరి. కెమెరా లేని రోజుల్లో ఎవరెక్కారో ఎవరు చెప్పాలి? దగ్గర్లో పైపులు వేసే పని జరుగుతుంటే ఆ పేరే అలకీ తగిలించారట. అలల మీద స్వారీ హవాయి ప్రజలకు తరతరాల విద్య, కోవా కర్ర పలకల మీద రాజులూ ఆడిన ఆట. ఆ చరిత్రంతా ఇక్కడ పట్టదు.

చలికాలంలో ఉత్తర పసిఫిక్‌లో అల్యూషన్ దీవుల వైపు తుఫానులు లేస్తాయి. వాటి గాలి రేపిన అలల్లో పొట్టివి దారిలోనే అణగారిపోతాయి, పొడవాటివి వేల కిలోమీటర్లు దాటి వస్తాయి. సర్ఫర్లు స్వెల్ అనేది వీటినే. ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య 16 సెకన్ల ఎడముంటే లోతు నీళ్ళలో ఆ అల పొడవు దాదాపు 400 మీటర్లు. 200 మీటర్ల లోతు నుంచే దానికి నేల తగలడం మొదలవుతుంది. ఖండాల తీరాల్లో అయితే లోతు తక్కువగా ఉన్న సముద్రపు అడుగు కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని, అల బలాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. హవాయి దీవులు అగాధం నుంచి లేచిన అగ్నిపర్వతాలు, అంత వెడల్పు అరుగు వాటికి లేదు. అల తన బలమంతా మోసుకొచ్చి, పరిగెత్తేవాడి కాలికి గడప తగిలినట్టు, నీటి అడుగున్న రాతి దిబ్బ, అంటే రీఫ్, తగిలి ముందుకు తూలుతుంది. అలా విసురుగా పడే అంచుకీ వెనకున్న నీటి గోడకీ మధ్య మిగిలే ఖాళీయే గొట్టం.

దిక్కు మారితే అలే మారిపోతుంది. పడమటి స్వెల్ వచ్చిందా, ఎడమకి సాగే పైప్‌లైన్ నిండుగా ఉంటుంది. వాయవ్యం నుంచి వస్తే అదే శిఖరానికి కుడి పక్కన బ్యాక్‌డోర్ కూడా తెరుచుకుంటుంది. గాలి తూర్పుకో ఆగ్నేయానికో తిరిగితే ఒడ్డు మీంచి అలకి ఎదురు వీచి, పడబోయే అంచుని ఒక్క క్షణం ఆపి పట్టుకుంటుంది. సీజను మొదట్లో రీఫ్ మీద వేసవి ఇసుక పేరుకుని ఉంటే అల గొట్టం కట్టకుండా ఒక్కసారిగా కూలిపోతుంది. పెద్ద స్వెల్స్ వచ్చి ఆ ఇసుక ఊడ్చేదాకా ఆగాల్సిందే. అల మరీ పెద్దదైతే ఒడ్డుకి ఇంకా దూరంగా ఉన్న రెండో రీఫ్ మీదే విరగడం మొదలుపెడుతుంది. అందుకే కవాయి దీవికి వాయవ్యాన తేలే బోయా అలల్ని కొలిచి పంపే అంకెల కోసం రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళున్నారు. (హవాయివాళ్ళు అల ఎత్తు పదడుగులంటే మన కంటికి ఇరవై. తెలియక నీళ్ళలోకి దిగినవాడి పాట్లు దేవుడికెరుక.)

ఇక పనితనం. అంచు విసిరే క్షణానికి బోర్డు మీద లేచి, దాదాపు నిలువునా దిగి, బోర్డు పక్క అంచుని గోడలో కరిపించాలి. వేగం ఎక్కువైతే సర్ఫర్ గొట్టం దాటి ముందుకొచ్చేస్తాడు, తక్కువైతే వెనక నుంచి నురగ మింగేస్తుంది. అందుకని వెనక చేతిని గోడలోకి దించి బ్రేకు వేస్తారు. గొట్టం మూసుకుపోయేటప్పుడు లోపల చిక్కిన గాలి తుంపరై బయటికి చిమ్ముతుంది. ఆ తుంపర వెంట బయటపడేవాణ్ణి చూసి ఒడ్డంతా అరుస్తుంది. పడితే తలకిందులుగా దూకకూడదు. ఒళ్ళు పరుచుకుని, తల కప్పుకుని పడాలి. కింద పగుళ్ళూ గుహలూ ఉన్న రీఫ్ కాచుకుని ఉంటుంది. 2005 డిసెంబరులో తాహితీ నుంచి వచ్చిన మాలిక్ జోయో అంతటి మొనగాడు ఇక్కడే ప్రాణం వదిలాడు.

1975లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన షాన్ టామ్సన్ అలకి వీపు పెట్టి ఆ గొట్టంలో దూరి మాస్టర్స్ ఎగరేసుకుపోయాడు. ఎడమకి సాగే అల మీద ఎడమ పాదం ముందు పెట్టేవాళ్ళకి అదే గతి, ఆయన దాన్నే అందం చేశాడు. 2022లో స్థానిక యువతి మొఆనా జోన్స్ వాంగ్ ప్రత్యేక ఆహ్వానం మీద పైప్‌లైన్ పోటీ బరిలోకి దిగి, ప్రపంచ విజేత కరిస్సా మూర్‌ని ఫైనల్లో ఓడించింది. ఎందుకు ఓడించదు? ఆ రీఫ్ ఆమె పెరటిలోది. ఆ పోటీల్లోనే కెల్లీ స్లేటర్ యాభయ్యో పుట్టినరోజుకి ఆరు రోజుల ముందు గెలిచాడు. ఏడుసార్లు మాస్టర్స్ గెలిచిన చేతికి అదింకొకటి.

ఆ స్లేటరే నకలు కూడా తయారుచేశాడు, నా మంటంతా అక్కడే. కాలిఫోర్నియాలో లెమోర్ అనే ఊళ్ళో, సముద్రానికి చాలా దూరంగా, పొలాల మధ్య కొలను కట్టించి 2015లో లోకానికి చూపించాడు. పట్టాల మీద బండి నీటి కింద రెక్కనొకదాన్ని లాక్కుపోతుంది, అల లేస్తుంది. మళ్ళీ లాగితే మళ్ళీ అదే అల! పడమటి స్వెల్ లేదు, ఇసుక లేదు, ఆటుపోట్లు లేవు, ఎదురుచూపు అసలే లేదు. 2025 ఫిబ్రవరిలో పైప్‌లైన్ పోటీ ముగిసిన కొద్ది రోజులకే ప్రపంచ పర్యటన పోటీలు అబూధాబిలో ఇలాంటి కొలనుకే వెళ్ళాయి. రెంటికీ ఒకే పట్టికలో పాయింట్లు! పిల్లలు భయం లేకుండా నేర్చుకుంటారని కొలను పక్షంవాళ్ళ వాదన. నేర్చుకోనివ్వండి, కానీ ఏ అలని వదిలెయ్యాలో ఆ కొలను ఎవరికి నేర్పుతుంది? లోపెజ్ గొప్పతనంలో సగం ఆయన ఎక్కకుండా వదిలేసిన అలల్లో ఉంది.

మన దగ్గర కూడా విశాఖ రుషికొండలో పిల్లలు సర్ఫింగ్ నేర్చుకుంటున్నారు. అక్కడ ఎక్కువగా ఇసుక అడుగే, పైప్‌లైన్ లాంటి గొట్టాలు ఆశించనక్కర్లేదు. అయినా నేర్పేవాళ్ళకి నాదొక విన్నపం. బోర్డు ఇచ్చే ముందు పిల్లల్ని ఒక పూట ఒడ్డున కూర్చోబెట్టండి. గాలి ఎటుందో, పోటా పాటా, పెద్ద అలల గుంపుకీ గుంపుకీ మధ్య ఎంత విరామముందో వాళ్ళ చేతే చెప్పించండి. దగ్గర్లో వలలు బాగుచేసుకునే జాలరి ఉంటే ఆయన్నీ అడగనివ్వండి. రేపు ఎవరైనా డబ్బున్న పెద్దమనిషి మనకీ ఒక అలల కొలను కట్టిస్తానని బయల్దేరితే, ముందు ఆ తీరంలో లైఫ్‌గార్డులకి ఏడాది పొడుగునా జీతం ఇవ్వమనండి.