కన్యాశుల్కనాటకమున దంపతుల ధనవివాదము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892వ సంవత్సరమున విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో మొదటిమాఱు ముద్రితమై, 1909లో మిక్కిలి పెంపొందిన రూపమున మరల వెలువడినది. వాడుకభాషలో నున్నదను హేతువుచే మావంటి వైయాకరణులు దీనిని చిరకాలము దూరముననే యుంచిరి. ఆ దోషమున నాకును భాగము కలదు. విమర్శకులలోఁ బెక్కుమంది దీనిని సంఘసంస్కారనాటకముగనో, గిరీశమధురవాణుల చరిత్రముగనో చర్చించిరి. కృష్ణరాయపురాగ్రహారమున నొక యింటి భార్యాభర్తలకు ధనవిషయమునఁ గలిగిన కలహమే కథకు మూలమను సంగతి యంతగా విచారింపఁబడినట్లు తోఁపదు. దానిని విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

అగ్నిహోత్రావధానులు పెద్దకూఁతురగు బుచ్చమ్మను ధనాశచే నొక వృద్ధునకిచ్చెను. ఆమె విధవయై పుట్టినింటనే యున్నది. అది కన్నులయెదుట నుండఁగానే, చిన్నదియగు సుబ్బిని రామచంద్రపురపు లుబ్ధావధానుల కీయ నిశ్చయించెను. భార్య వెంకమ్మ వలదన్నది, అతఁడు వినలేదు, ఆమె నూతిలో నుఱికినది. ఇది యొక వివాదము. విజయనగరమునఁ గుమారుఁడు వెంకటేశము చదువుచున్న యింగ్లీషుచదువునకు వ్యయము చేయుట రెండవ వివాదము. ఆ చదువుపై తల్లికి మక్కువ. పుస్తకములకని యడిగిన ప్రతి రూపాయియుఁ దండ్రికి దండుగ. అట్లని యతఁడు వ్యయమునకు వెఱచువాఁడు కాఁడు. వ్యాజ్యములన్న నతనికిఁ బ్రీతి. ఆ కాగితముల పని చేసిపెట్టెదనన్న గిరీశమును దన యింట నాదరించెను.

కావున భర్త కూడఁబెట్టువాఁడు, భార్య వెచ్చించునది యను స్థూలవిభాగ మిచ్చటఁ బొసఁగదు. కూడఁబెట్టువాఁడు లుబ్ధావధానులు, వాని పేరే వాని గుణమును జెప్పుచున్నది. అగ్నిహోత్రము దాఁచునది కాదు, వేల్చిన దానినెల్ల దహించునది. కవి యీ యిద్దఱికి నిట్టి పేరులు పెట్టుట యాదృచ్ఛికమని నే ననుకొనను. ఈ దంపతుల తగవు దాఁచుటా, వెచ్చించుటా యనునది కాదు. పొలమునఁ బండినదియు, వేదము చెప్పి తెచ్చినదియుఁ గాక, యింటికి వచ్చెడి యదనపు సొమ్ము కూఁతు వెలయే యైనపుడు, ఆ సొమ్మెవ్వరిది యనునదే తగవు.

ఇచ్చట వ్యాకరణము కొంత తోడ్పడును. కన్యాశుల్కపదము షష్ఠీతత్పురుషము. ఆ షష్ఠి యే సంబంధమును దెలుపును? అమ్మఁబడు వస్తువునకును వెలకును గల సంబంధమైనచోఁ గన్యకు వచ్చిన వెల యని యర్థము. స్వస్వామిభావమైనచోఁ గన్యకు స్వమైన ధనమని యర్థము. కన్యకొఱకైన ధనమని చతుర్థీసమాసము చేయుదమన్నచోఁ, బ్రకృతివికృతిభావము లేని తాదర్థ్యమున నది కూడదు. కాని యశ్వఘాసాదులవలె షష్ఠీసమాసముగనే యా యర్థమును సాధింపవచ్చును. అశ్వఘాసమనఁగా గుఱ్ఱము కొఱకైన గడ్డి.

తండ్రి గ్రహించిన యర్థము మొదటిది. మనువు తృతీయాధ్యాయమునఁ గన్యాపిత యల్పమైన శుల్కమునైనఁ గొనరాదనియుఁ, గొన్నవాఁ డపత్యవిక్రయి యగుననియుఁ జెప్పెను. యాజ్ఞవల్క్యుఁడు వ్యవహారాధ్యాయమున శుల్కమును స్త్రీధనములలోఁ జేర్చెను; అది రెండవ యర్థము. వేదము చదివిన యవధానికి నీ రెండు స్మృతులును దెలియకపోవునా? తెలిసియు నింటిలెక్కలో వానికిఁ దావీయలేదు.

ఇట్టి లెక్క యొక్క యింటిది కాదు. ఆనందగజపతి మహారాజుగారి యాజ్ఞచే విశాఖపట్టణమండలమున మూఁడేండ్ల కన్యావిక్రయవివాహములకుఁ బట్టిక వ్రాయఁబడెను. 1897 నాఁటి పీఠికలోఁ గవి యిచ్చిన సంఖ్యలివి: మొత్తము 1034 వివాహములు, అందు వధువులు 99 మంది యైదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూఁడేండ్లవారు, 6 గురు రెండేండ్లవారు, 3 గు రేఁడాదివారు. ఆ యేఁడాది శిశువుల వెల 350 మొదలు 400 రూపాయలు. ఇందెందఱు తల్లులు వలదనిరో పట్టిక చెప్పలేదు. ఆ లోపమును వెంకమ్మ పాత్ర పూరించినది.

అయినను వెంకమ్మ పక్షము నిర్దోషమని కవి చూపలేదు. ఆమె కూఁతు నమ్మవలదన్నది కాని, వ్యయము చేయఁదగినదిగా నామెకుఁ దోఁచినది కొడుకు చదువే. ఆ చదువు వెంటనే గిరీశ మింటికి వచ్చెను. శిష్యునికిఁ జుట్టలు నేర్పిన యా గురువే బుచ్చమ్మను లేవఁదీసికొని పోయెను. భర్త వ్యాజ్యమును మదుపనుకొనెను, భార్య కొడుకు చదువును మదుపనుకొనెను. రెంటను నష్టపడినది కూఁతురే.

సుబ్బి పెండ్లి యెట్లాగినదో చూడుఁడు. భార్య యేడ్పు దాని నాపలేదు, నూతిలోఁ బడుటయు నాపలేదు. వెంకమ్మ సోదరుఁడు కరటకశాస్త్రి తన శిష్యునకు నాఁడువేషము వేసి, తక్కువ వెలకుఁ బిల్ల దొరకునని లుబ్ధావధానులకు నాశ చూపఁగా నాగినది. వెల నోడింపఁ జవుక వెలయే కావలసివచ్చెను. దీనిని నవ్వులకొఱకుఁ బన్నిన మాయగా మాత్రమే చదువువారు కవి చేసిన కఠినవిమర్శను విడిచినవా రగుదురు.

రెండవ కూర్పు తుదిని సౌజన్యారావు బుచ్చమ్మను బూనాలోని వితంతుశరణాలయమునకుఁ బంప నిశ్చయించెను. అప్పటికిఁ బూనాలో నట్టి యాలయములు విధవలకు విద్య నేర్పుచుండెను. కర్వేగారిది 1896లో నేర్పడినది. కూఁతు కొఱకు నొకరు వ్యయము చేయుట యీ నాటకమున నిదియే మొదలు. మూఁడవ షష్ఠ్యర్థ మిచ్చటఁ బుట్టినింటివారివలన గాక, పరునివలన సిద్ధించినది.

శుల్కము నేఁడు లేదు. దాని తావున వరకట్నము వచ్చి, 1961 నాఁటి చట్టముచే నిషిద్ధమయ్యును సమసిపోలేదు. తండ్రి కూఁతు పెండ్లికని దాఁచుటయుఁ, దల్లి యామె చదువునకని వెచ్చింపఁ గోరుటయు శ్రీకాకుళ విజయనగరమండలములలోఁ బాఠము చెప్పిన వారెవ్వరైన నెఱిఁగినదే. ఇట్టి యిండ్ల పిల్లలకు మన మీ నాటకమును బోధించునపుడు సమాసనామము చెప్పి యూరకుండరాదు. గుఱ్ఱమునకు గడ్డి యే యర్థమునఁ జెందునో, కూఁతునకు ధన మాయర్థముననైనఁ జెందవలదా యని యడుగవలెను.