తొలి ఆవిరి క్రూయిజర్ల వేగం: ‘వాంపనోగ్’ తిరస్కారంపై పునర్విమర్శ

వ్యాస సంగ్రహం: 1868లో సమకాలీన ఆవిరి యుద్ధనౌకలన్నిటినీ వేగంలో మించిన అమెరికన్ నౌక ‘వాంపనోగ్’ మరుసటి ఏడాదే తిరస్కారానికి గురైంది. దానిని మారే యంత్రానికీ మారని సంస్థకూ మధ్య ఘర్షణగా వివరించిన ఎల్టింగ్ మోరిసన్ విశ్లేషణను ఇంజను అరుగుదల, బొగ్గు లభ్యత, నౌకకు ఉద్దేశించిన యుద్ధపాత్ర అనే అంశాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆవిరి నౌక, క్రూయిజర్, బాయిలర్, వాంపనోగ్, అలబామా, ఐషర్‌వుడ్

1. పరీక్ష, తీర్పు

ప్రధాన నౌకాశ్రేణితో కలిసి పోరాడడం క్రూయిజర్ పని కాదు. దూరసముద్రాలలో ఒంటరిగా తిరుగుతూ శత్రువుల వాణిజ్యనౌకలను పట్టుకోవడం, స్వదేశపు నౌకలను కాపాడడం, వార్తలు చేరవేయడం దాని విధులు. 1860లలో ఈ పేరు ఇంకా స్థిరపడలేదు. ఆ విధులను ఫ్రిగేట్లు, స్లూప్‌లు అనే నౌకలే నిర్వర్తించేవి. అంతర్యుద్ధకాలంలో అమెరికా నౌకాదళపు ఇంజనీరింగ్ విభాగాధిపతి బెంజమిన్ ఐషర్‌వుడ్ రూపొందించిన ఇంజన్లతో నిర్మించిన వాంపనోగ్ ఈ కోవలోదే. బ్రిటన్‌తో యుద్ధమే వస్తే ఆ దేశపు వాణిజ్యాన్ని దెబ్బతీయడానికి దానిని ఉద్దేశించారు.

1868 ఫిబ్రవరిలో జరిగిన పరీక్షలో ఆ నౌక సుమారు 38 గంటలపాటు సగటున 16.6 నాట్ల వేగంతో నడిచింది. గరిష్ఠంగా 17.75 నాట్లు అందుకొంది. దాదాపు పదేళ్ళపాటు ఏ దేశపు యుద్ధనౌకా దానిని దాటలేదు. అయినా 1869లో రియర్ అడ్మిరల్ గోల్డ్స్‌బరో అధ్యక్షతన ఏర్పడిన బోర్డు ఆ నౌకను తప్పుపట్టింది. ‘ఫ్లోరిడా’ అని పేరు మార్చుకొని, ఏళ్ళ తరబడి రేవులో పడి ఉండి, 1885లో అది అమ్ముడుపోయింది.

‘మెన్, మెషీన్స్ అండ్ మోడరన్ టైమ్స్’ (1966) గ్రంథంలో మోరిసన్ ఈ ఉదంతాన్ని ప్రసిద్ధం చేశాడు. బోర్డు సభ్యుల సాంకేతిక వాదన నిలవదని, కానీ ఈ యంత్రం తమ జీవనవిధానాన్నే మార్చివేస్తుందన్న వారి భయంలో నిజముందని ఆయన విశ్లేషించాడు. ఆవిరి నౌకలో గడిపే జీవితం మంచి నావికుణ్ణి తయారుచేయదన్న బోర్డు మాటలే ఆయనకు ప్రధానాధారం. ఆ భయాన్ని సానుభూతితో చదవడంలో మోరిసన్ ప్రతిభ కాదనలేనిది. అయితే సాంకేతిక ప్రశ్న అప్పటికే తేలిపోయిందని ఆయన అనుకొన్నాడు. సంప్రదాయం–ఆధునికత అనే జంటతో ప్రతి వివాదాన్నీ కొలిచే అలవాటు మన సాహిత్యచరిత్రలోనూ ఉన్నదే. ఆ కొలత అందుబాటులో ఉన్నప్పుడు వస్తువును మళ్ళీ చూడవలసిన అవసరం కనిపించదు. ఇక్కడ చూడవలసిన వస్తువు ఇంజను.

2. ఇంజను అరుగుదల

వాణిజ్యనౌక ఇంజనుకూ యుద్ధనౌక ఇంజనుకూ ఆనాడు ఒక ముఖ్యమైన భేదం ఉండేది. ఫిరంగిగుండు తగలకుండా యుద్ధనౌకలో ఇంజనును నీటిమట్టానికి దిగువన అమర్చాలి. అందుకు సిలిండర్లను నిలువుగా కాక అడ్డంగా పడుకోబెట్టేవారు. అప్పుడు పిస్టన్ బరువంతా సిలిండర్ అడుగుభాగంపై పడి, ప్రతి కదలికలోనూ దానిని ఒరుసుకొంటుంది. గుండ్రని సిలిండర్ క్రమంగా ఒకవైపు అరిగి, ఆవిరి పక్కలనుంచి జారిపోతుంది. వాంపనోగ్ సిలిండర్ల వ్యాసం 100 అంగుళాలు. పోరులో ఇంజనును కాపాడే ఏర్పాటే రోజువారీ నడకలో దానిని అరగదీసేది.

బాయిలర్లది మరో కథ. పాత పద్ధతి కండెన్సర్లలో ఆవిరిని సముద్రపు నీటిని చిమ్మి చల్లార్చేవారు. ఆ ఉప్పునీరే తిరిగి బాయిలర్లోకి వెళ్ళేది. రేకులపై ఉప్పుపొర పేరుకోకుండా వేడినీటిని తరచూ బయటికి వదలాలి. దానితోపాటు బొగ్గు ఖర్చుపెట్టి పుట్టించిన వేడీ పోతుంది. ఆవిరిని సముద్రజలంతో కలవనీయని సర్‌ఫేస్ కండెన్సర్ వచ్చాక ఉప్పు బాధ తగ్గింది. కానీ సిలిండర్లలో కందెనగా వాడే జంతువుల కొవ్వు నీటితోపాటు బాయిలర్లోకి చేరి, ఆమ్లంగా మారి, ఇనుపరేకులను గుంటలుగా తినివేయసాగింది. ఒక రోగానికి మందు వేస్తే మరొకటి పుట్టినట్లయింది.

వాంపనోగ్ విషయంలో మరో చిక్కు ఉంది. నెమ్మదిగా తిరిగే ఇంజనునుంచి ప్రొపెల్లర్‌కు రెట్టింపు వేగం అందించడానికి ఐషర్‌వుడ్ పళ్ళచక్రాలు అమర్చాడు. వాటి పళ్ళు గట్టికొయ్యతో చేసినవి. ఓడ పొట్ట కూడా కొయ్యదే. అంతటి శక్తి కదిలించే పొడవాటి కొయ్యపొట్ట అలలపై వంగుతుంటే ఇరుసు ఒకే వరుసలో నిలవడం కష్టం. ఆ కాలంలోనే బ్రిటిష్ నౌకాశిల్పి ఎడ్వర్డ్ రీడ్ తన ‘ఇన్‌కాన్‌స్టంట్’ నౌకకు ఇనుపపొట్టను ఎంచుకొని, దానిపై కొయ్యనూ రాగిరేకునూ తొడిగించాడు. అది పరీక్షలో 16 నాట్లు దాటింది. తెరచాపలతోనే 13 నాట్లు మించి నడవగలిగింది. వాంపనోగ్ నాలుగు రెక్కల ప్రొపెల్లర్ మాత్రం, ఇంజను ఆపితే నీటిలో అడ్డుగా నిలిచి, తెరచాపల నడకను మందగింపజేసేది.

38 గంటల పరీక్ష ఈ అరుగుదలను కొలవలేదు. కొత్త బాయిలర్లు, ఏరిన బొగ్గు, నిపుణులైన ఇంజనీర్లు ఉన్న రోజున ఓడ ఎంత వేగం అందుకోగలదో మాత్రమే అది చెబుతుంది.

3. వేటనౌక వేగం

వాంపనోగ్‌కు ప్రేరణనిచ్చిన ‘అలబామా’ను పక్కన పెట్టి చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. 1862లో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో నిర్మించిన ఈ దక్షిణ రాష్ట్రాల నౌక వేగం 13 నాట్లు. దాని అసలు బలం నీటినుంచి పైకి లేపగలిగిన ప్రొపెల్లర్. రోజుల తరబడి తెరచాపలతో తిరిగి, అవసరమైన గంటలలోనే కెప్టెన్ సెమ్స్ ఆవిరిని వాడేవాడు. దాదాపు రెండేళ్ళలో 60కి పైగా నౌకలను అది పట్టుకొంది. ఈ పొదుపు తప్పనిసరి కూడా. 1862 జనవరిలో బ్రిటన్ విధించిన తటస్థతా నిబంధన ప్రకారం, యుద్ధంలో ఉన్న దేశపు నౌకకు స్వదేశపు దగ్గరి రేవు చేరడానికి సరిపడేంత బొగ్గే ఇస్తారు. బ్రిటిష్ రేవులలో మళ్ళీ బొగ్గు పొందాలంటే మూడు నెలలు ఆగాలి.

ఇంత పొదుపుగా వాడినా 1864 జూన్‌లో షెర్‌బర్గ్ చేరేనాటికి అలబామా బాయిలర్లు కాలిపోయి, పొట్టపై రాగిరేకు ఊడిపోతూ, తుపాకిమందు చెడిపోయి ఉంది. 19న ‘కియర్‌సార్జ్’తో పోరుకు వెళ్ళడం సెమ్స్ నిర్ణయమే. కానీ పోరును తప్పించుకోవడమే వృత్తిగా గల నౌకకు ఆ తప్పించుకొనే శక్తి అప్పటికి మిగలలేదు.

వాంపనోగ్ సమస్య ఇక్కడ బయటపడుతుంది. దూరసముద్రాలలో బొగ్గు రేవులు లేని దేశం, తటస్థ రేవులు తలుపులు మూసే యుద్ధంలో, అందరికన్నా ఎక్కువ బొగ్గు తినే నౌకను వేటకు పంపవలసివస్తుంది. బోర్డు ఈ వాదాన్నే ముందుంచి ఉంటే దాని తీర్పుకు బలం ఉండేది. నావికశిక్షణ, హోదా, అలవాటు వంటి మాటలతో కలిపి చెప్పడంవల్ల సరైన అనుమానం తప్పుడు భాషలో నమోదైంది. మోరిసన్ ఆ భాషను చదివాడు, అనుమానాన్ని వదిలేశాడు. ఐషర్‌వుడ్ మేధను తక్కువ చేయవలసిన పని లేదు. ఆయన ఇంజను తన కాలపు లోహానికీ కొయ్యకూ ముందు పుట్టింది.

ఈ లెక్క తరవాతి తరంలోనూ మారలేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి చెన్నపట్నం చమురుట్యాంకులపై గుండ్లు కురిపించిన జర్మన్ క్రూయిజర్ ‘ఎమ్డెన్’ పాతతరం పిస్టన్ ఇంజన్లతోనే నడిచింది. దాని జంటనౌక ‘డ్రెస్డెన్’కు మాత్రం టర్బైన్లు ఉండేవి. ఎమ్డెన్ రూపకల్పన వేగం 23.5 నాట్లు. బంగాళాఖాతంలో దాని సంచారాన్ని సాగనిచ్చింది ఆ అంకె కన్నా పట్టుబడ్డ నౌకల్లోని బొగ్గు. అక్టోబరులో అది డియేగో గార్సియాలో ఆగి, నాచు పట్టిన పొట్టను గీకించుకోవలసి వచ్చింది. నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఎదురైన ఆస్ట్రేలియన్ నౌక ‘సిడ్నీ’ వేగంలోనూ ఫిరంగులలోనూ దానికంటే మిన్న. ఎంత దూరంనుంచి పోరాడాలో సిడ్నీయే నిర్ణయించుకొంది.